బీరు బకెట్టుకి హీట్ బెల్టు: నాలుగు చలికాలాలు వాడాక

కొన్న వారానికే ఐదు స్టార్లు కొట్టే రకం కాదు నేను, ఇంట్లో కాచుకునే బీరు పులిసే బకెట్టుని వెచ్చగా ఉంచే ఈ బెల్టుని నాలుగు చలికాలాలు వాడి రాస్తున్నా. మేముండేది మిన్నెసోటాలో, మినియాపోలిస్ పక్కన. జనవరిలో బయట మైనస్ 20 ఫారెన్‌హీట్ కూడా చూస్తాం, పైన ఇంట్లో హీటింగ్ ఎంత తిరిగినా మా బేస్‌మెంట్ 56, 57 దాటదు, అంటే మన లెక్కలో 13, 14 డిగ్రీలు. నేను కాచేది ఎక్కువగా పేల్ ఏల్ అనే రకం బీరు. దాన్లో వేసే ఈస్ట్‌ని 64 నుంచి 68 ఫారెన్‌హీట్ మధ్యలో ఉంచితే చక్కగా పని చేస్తుంది, అంతకంటే దిగితే బద్ధకం.

మొదటి చలికాలం ఇవేం తెలీక బకెట్టు తీసుకెళ్ళి బేస్‌మెంట్లో ఓ మూల పెట్టేశా. మూడ్రోజులు ఎయిర్‌లాక్, అంటే గ్యాస్ బయటికి పోయే మూత గొట్టం, బుడబుడలాడింది, తర్వాత చప్పుడు లేదు, సరే అయిపోయిందిలే అనుకుని రెండు వారాలాగి చక్కెర ఎంత మిగిలిందో చూపించే హైడ్రోమీటర్ వేస్తే 1.024. రావాల్సింది 1.012. నోట్లో వేసుకుంటే పల్చటి పాకం తాగినట్టుంది. అప్పుడు గనక సీసాల్లో పోసుంటే మిగిలిన చక్కెర లోపల మెల్లగా పులిసి గ్యాస్ పట్టి సీసాలు పేలేవి, గాజు ముక్కలు ఏరుకుంటూ కూర్చునేవాణ్ణి. బకెట్టు పైకి హాల్లోకి మోసుకొచ్చి, అడుగున పేరుకున్న ఈస్ట్ లేచేలా కాస్త అటూ ఇటూ ఊపి, ఇంకో పది రోజులు ఉంచితే 1.013కి దిగింది. 19 లీటర్ల బకెట్టు మెట్లెక్కించాక నడుం మూడ్రోజులు పట్టేసింది, ఆ కోపంలోనే బెల్టు ఆర్డర్ పెట్టా.

బెల్టు అంటే పెద్ద యంత్రమేం కాదు, నల్లటి పట్టీ, 25 వాట్లు, బకెట్టు చుట్టూ తొడిగి ప్లగ్ పెట్టడమే. స్విచ్ లేదు, థర్మోస్టాట్ లేదు, ప్లగ్ ఉన్నంతసేపు కాలుతూనే ఉంటుంది. గొడవంతా ఇక్కడే. పులవడం జోరు మీదున్న మొదటి రెండు మూడు రోజులు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది, గది కంటే ఐదారు డిగ్రీలు పైనే ఉంటుంది బకెట్టు. మనం ఏం చేస్తాం, ఆ రోజుల్లోనే హడావుడిగా బెల్టు పెట్టి దుప్పటి కప్పుతాం, నాలుగో రోజు బుడగలు తగ్గగానే పీకేస్తాం. నిజానికి తిరగెయ్యాలి. ఈస్ట్ నెమ్మదించాకే వేడి పడిపోతుంది, ఆఖరి చక్కెర తిని వెన్న వాసన గట్రా శుభ్రం చేసుకోవాల్సింది కూడా అప్పుడే. నేనిప్పుడు వేడిని బట్టి బెల్టుని ఆపి వేసే కంట్రోలర్‌తో మొదట్లో 65, ఐదో రోజు నుంచి 69 పెడతా. 1.012, 1.011 దగ్గర ఆగడం మామూలైపోయింది.

అందుకే చెప్తున్నా, బెల్టు ఒక్కటే కొనొద్దు, పక్కన టెంపరేచర్ కంట్రోలర్ ఉండాల్సిందే. నాకు బెల్టు కంటే కంట్రోలర్‌కే ఎక్కువైంది, అయినా దండగ అనిపించలేదు. దాని సెన్సార్ గాల్లో వేలాడకూడదు, బకెట్టు గోడకి ఆనించి, బెల్టుకి జానెడు దూరంలో, పైన స్పాంజి ముక్క పెట్టి టేపుతో గట్టిగా అంటించాలి. ఈ టేపు పాఠం నాకు రెండో చలికాలం వచ్చింది. మామూలు మాస్కింగ్ టేపు వేశా, రాత్రి ఊడి సెన్సార్ నేల మీద పడింది, నేల చల్లదనం చూసి కంట్రోలర్ పాపం బెల్టు ఆపనే లేదు. బకెట్టు మీదేమో మందపాటి రగ్గు. పొద్దున చూస్తే 79. తాగినప్పుడు అరటిపండు వాసన, వెనకాలే నెయిల్ పాలిష్ రిమూవర్ ఘాటు, రెండు గ్లాసులకే తలనొప్పి. మొత్తం సింకులో పోశా.

గాజు కార్‌బాయ్‌కి, అంటే బీరు పులియబెట్టే పెద్ద గాజు సీసాకి మాత్రం ఇది కట్టొద్దు, ఒక్కచోటే వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ బకెట్టుకైతే సమస్య లేదు. గాజే వాడేవాళ్ళు టబ్బులో నీళ్ళు పోసి చేపల తొట్టి హీటర్ వేసుకుంటే వేడి సమానంగా వస్తుంది, కానీ ఆ టబ్బు, ఆ తడి, మా ఆవిడ చూపు... నా వల్ల కాలేదు. అలాగే 95 ఫారెన్‌హీట్ అడిగే నార్వే క్వైక్ ఈస్ట్ చల్లటి గదిలో ఈ బెల్టుకి లొంగదు. చల్లగానే పులిసే లాగర్ రకం బీరుకి అసలు బెల్టే అక్కర్లేదు, బేస్‌మెంట్ ఉన్నది ఉన్నట్టు సరిపోతుంది.

పోయిన జనవరిలో అమ్మ వచ్చింది. బేస్‌మెంట్లో రగ్గు కప్పుకున్న బకెట్టు చూసి "ఇదేంట్రా, దీనికి జ్వరమా?" అంది. విషయం చెప్తే ముందు మొహం మాడ్చుకుంది. "ఇంట్లో సారా కాస్తున్నావా, పోలీసులు పట్టుకోరూ?" లేదమ్మా, ఇక్కడ 1978లోనే చట్టం చేశారు, అమ్ముకోనంతవరకు ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు కాచుకోవచ్చు అన్నా. కాసేపు ఆగి, "అయితే ఆ బెల్టు నా ఇడ్లీ పిండికి ఇవ్వు, నాలుగు రోజులై పొంగి చావట్లేదు" అంది. పాత బకెట్టులో గిన్నె పెట్టి, మూతేసి, 86 పెట్టి వదిలితే తెల్లారేసరికి పిండి గిన్నె దాటి కారింది. ఆ బకెట్టుని మళ్ళీ బీరుకి వాడలేదు లెండి, పిండిని పులిపించే బాక్టీరియా గీతల్లో దాక్కుంటే బీరు కూడా పుల్లటి మజ్జిగవుతుంది.

నాలుగేళ్ళలో బెల్టుకొచ్చిన జబ్బులు: వైరు దగ్గర రబ్బరు గట్టిపడింది, బకెట్టు మీద గోధుమరంగు చార పడింది, వైరు పొట్టిది కాబట్టి ఎక్స్‌టెన్షన్ తప్పదు. కరెంటు బిల్లులో తేడా కనపడలేదు. ఐదుకి నాలుగు ఇస్తా, కంట్రోలర్ లేకపోతే రెండే. ఇంకో బెల్టు ఆర్డర్ పెట్టా, అమ్మ వెళ్ళిపోయినా శుక్రవారం రాత్రి పిండి గిన్నెకే పోతోంది ఇది.