ఉబుంటు పక్కన ఫెడోరా: హోమ్ ఉమ్మడిగానా, విడిగానా?

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో ఫెడోరా అనే మరో లినక్స్‌ను కూడా పెట్టుకునేవారు ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్క్ భాగాన్ని) రెండింటికీ ఒకటే ఉంచవచ్చు. ఒక్కొక్కటి తన ఫోల్డర్‌లో తన బూట్‌లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామును, పెట్టుకుంటుంది. అసలు తేల్చుకోవలసినది వాడుకరి పత్రాలు, సెట్టింగులు ఉండే హోమ్ పార్టిషన్ సంగతే.

దానిని ఉమ్మడిగా ఉంచితే పత్రాలు ఎటునుంచైనా అందుతాయి, డిస్క్‌లో చోటూ కలిసివస్తుంది. మొదటి వాడుకరికి రెండూ 1000 అనే యూజర్ ఐడీనే (ఫైలు ఎవరిదో సిస్టమ్ గుర్తించే సంఖ్యనే) ఇస్తాయి కనుక అనుమతుల చిక్కు సాధారణంగా రాదు. అయితే చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫైళ్లను రెండు వేర్వేరు వెర్షన్ల గ్నోమ్ డెస్క్‌టాప్ మార్చి మార్చి తిరగరాస్తే, కొత్తది రాసినది పాతదానికి అర్థం కాకపోవచ్చు. పైగా ఉబుంటులో సృష్టించిన ఫైళ్లకు ఫెడోరా ఆశించే ఎస్ఈలినక్స్ (ఏ ప్రోగ్రాం ఏ ఫైలును తాకవచ్చో లేబుళ్లను బట్టి తేల్చే భద్రతా వ్యవస్థ) లేబుళ్లు ఉండవు.

విడి హోమ్‌లలో ఈ బెడద లేదు. కాస్త చోటు ఎక్కువ పట్టినా నా మొగ్గు అటే: పత్రాలకు మాత్రం ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ ఒకటి వేరుగా చేసి, రెండింటిలోనూ మౌంట్ చేసుకుంటే, అంటే ఫోల్డర్‌లా తెరుచుకునేలా జోడించుకుంటే, చాలు.