పాత పిల్లర్ డ్రిల్: విప్పి, బాగుచేసి, వాడి చూశాక

పాత పోత ఇనుప పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించిన డ్రిల్లింగ్ మెషిన్) ఎక్కడైనా కనబడితే ముందు తుప్పు వైపు చూడకండి. క్విల్ చూడండి. తిరిగే ఇరుసుని, అంటే స్పిండిల్‌ని, లోపల పెట్టుకుని పైకీ కిందికీ జరిగే గొట్టం అది. హ్యాండిల్ తిప్పి దాన్ని పూర్తిగా కిందికి దింపి, బిట్టుని బిగించే చక్ పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. క్విల్ మెషిన్ తలలో (హెడ్‌లో) కటకటమని ఆడితే ఆ మెషిన్ జోలికి వెళ్ళొద్దు. అక్కడ అరిగిన ఇనుముని ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు. మిగతావన్నీ మార్చుకోవచ్చు.

నేను తెచ్చుకున్నదానికి క్విల్ ఒక్కటే బాగుంది. బెల్టు పగుళ్ళు తేలింది, బేరింగులు గరగరమంటున్నాయి, చక్ పళ్ళు అరిగాయి. పేరున్న బిళ్ళ కూడా ఊడిపోయింది. అయినా దిగులు పడలేదు. బేరింగ్ తుడిచి చూస్తే అంచు మీద 6203 అని ఉంది. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ఏ కంపెనీ చేసినా, ఏ దేశంలో కొన్నా ఇవే కొలతలు. తయారీదారు ఎవరో తెలియని మెషిన్‌కి కూడా ప్రాణం పోయగలగడం ఈ అంకె పుణ్యమే.

కొత్త బేరింగ్ ఎక్కించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. షాఫ్టు మీదికి ఎక్కిస్తుంటే లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి, గూట్లోకి దింపుతుంటే బయటి రింగు మీద. అటుదిటు అయితే ఆ దెబ్బంతా గోలీలు మోయాలి, రింగు గాడిలో నొక్కులు పడతాయి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచీ మోగుతుంది. క్విల్‌ని పైకి లాగే స్ప్రింగు డబ్బా విప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. లోపల గడియారం స్ప్రింగులా చుట్టిన ఉక్కు పట్టీ ఉంటుంది. మూతని పట్టకారుతో బిగించి పట్టుకుని, కొద్దికొద్దిగా వదలాలి. చెయ్యి జారితే వేళ్ళు తెగుతాయి.

చక్ విషయంలో డయల్ గేజ్ (సన్నటి వంకరని ముల్లుతో చూపే కొలత పరికరం) నిజం చెప్పింది. పాత చక్‌లో బిగించిన రాడ్డు 0.3 మిల్లీమీటర్లు వంకర తిరుగుతోంది. చక్ తీసేసి స్పిండిల్ లోపలి టేపర్‌కి (చక్ కూర్చునే, సన్నబడుతూ పోయే రంధ్రానికి) గేజ్ ఆనిస్తే 0.02 మాత్రమే. అంటే స్పిండిల్ తప్పేం లేదు. చాలామంది ఇక్కడే స్పిండిల్ వంగిందనుకుని మెషిన్‌ని పాత ఇనుము కింద అమ్మేస్తారు, అది నాకు నిజంగా బాధ. ఆ టేపర్ మోర్స్ అనే ప్రామాణిక కొలతల్లో నంబరు 2 కాబట్టి కొత్త చక్ సులువుగానే దొరికింది. టేపర్‌కి నూనె పూయకూడదు, పొడిగా తుడిచి చెక్కతో ఒక్క పోటు పొడిస్తే చాలు, పట్టేస్తుంది.

తుప్పు కిరసనాయిలుకీ ఎమరీ పేపరుకీ లొంగింది. బల్ల మీద పాత డ్రిల్లు గుంటలున్నాయి, వదిలేశాను. చదును చెడలేదు, పనికి అడ్డమూ కాదు. రంగు అన్నిటికన్నా చివర వేశాను. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటది తిరగడం మొదలుపెట్టకుండా నో వోల్ట్ స్విచ్చి పెట్టాను, ఇది లేకుండా పాత మెషిన్ నడపడం నాకు సమ్మతం కాదు.

ఇక పని ఎలా ఉందంటే, పది మిల్లీమీటర్ల ఇనుప పట్టీలో 10 మిల్లీమీటర్ల బిట్టు దించాను, వేగం నిమిషానికి 900 చుట్లకి దగ్గర్లో. బిట్టు రెండు గాళ్ళలోంచీ ఒకే మందం ఇనుప చుట్టలు సమానంగా లేచాయి. బిట్టు తిన్నగా తిరుగుతోందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. బరువున్న తల కాబట్టి అదురు తెలియదు, నేను వాడిన తేలికపాటి కొత్త బల్ల డ్రిల్లుల్లో ఈ నిబ్బరం చూడలేదు.

లోట్లూ ఉన్నాయి. బల్ల ఎత్తడానికి పళ్ళపట్టీ లేదు. అంత బరువూ చేతులతో మోసి బిగించాలి, ఆ కదలికలో బల్ల స్తంభం చుట్టూ తిరిగిపోయి, పెట్టుకున్న సెంటరు పోతుంది. అందుకే పొడవాటి బిట్టూ పొట్టి బిట్టూ మార్చిమార్చి వాడే పనికి విసుగొస్తుంది. అన్నిటికన్నా తక్కువ వేగం 450. ఇనుములో 50 మిల్లీమీటర్ల హోల్ సా (పెద్ద రంధ్రం కోసే గుండ్రటి రంపం) నడపాలంటే అది చాలా ఎక్కువ, పళ్ళు కాలిపోతాయి. అలాంటి పని ఎక్కువగా ఉన్నవాళ్ళు వేగం ఇంకా తగ్గించగల గేరు హెడ్ ఉన్న మెషిన్ చూసుకోవడం మేలు. 13 మిల్లీమీటర్ల లోపు బిట్లతో సరిపెట్టుకునేవాళ్ళకి మాత్రం ఇదే కొనమంటాను.