బైసికిల్ పేక కట్ట: చేతికి హాయి, చూసేవాళ్ళకి అనుమానం

పోయిన వేసవిలో సామర్లకోటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక పందిట్లో నలుగురైదుగురు చుట్టూ చేరి "మేడమ్, ఏదైనా చేసి చూపించండి" అన్నారు. బ్యాగులోంచి పేక తీశాను. ఒకావిడ కళావరు రాణి తీసుకుంది, కట్ట మధ్యలో పెట్టింది, తనే కలిపింది. రాణి పైకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు గానీ పెళ్ళికొడుకు మేనమామ కొట్టలేదు. "అమ్మాయ్, ఆ పేక ఇలా ఇయ్యి" అని తీసుకుని, ఒక్కో ముక్కా లైటుకి ఎత్తి చూశాడు, వేలితో రుద్దాడు, చివరికి వాసన కూడా చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు: "ఇది మామూలు పేక కాదు. అందుకే అవుతోంది." అందరినీ విడిది గదిలోకి తీసుకెళ్ళి, అక్కడ రమ్మీ ఆడుకుంటున్న కట్ట ఇప్పించి "దీంతో చెయ్యి చూద్దాం" అన్నాడు.

చేశాను. సగం కుదిరింది, సగం జారిపోయింది. ముక్కలు కింద పడితే పిల్లలు ఏరి ఇచ్చారు.

నేను ఈ రివ్యూ రాయడానికి ఆ మేనమామే కారణం. ఆయన పట్టుకు చూసింది బైసికిల్ రైడర్ బ్యాక్ అనే అమెరికా పేక. దాంట్లో ఏ మోసమూ లేదు, 52 ముక్కలూ రెండు జోకర్లూ ఉన్న మామూలు కట్టే. కానీ మన వైపు ఎవరి చేతిలో పెట్టినా మామూలుగా అనిపించదు. ఆ చిక్కు సంగతి తర్వాత చెబుతాను, ముందు వస్తువు గురించి.

నేను కాకినాడ దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదకొండేళ్ళుగా పేక ముక్కలతో, రూపాయి బిళ్ళలతో దగ్గర కూర్చుని చేసే మ్యాజిక్ నేర్చుకుంటున్నాను. డబ్బులకి చెయ్యను. ఈ బ్రాండు కట్టలు ఇప్పటికి పాతికపైనే అరగదీసుంటాను. మొన్న కొన్నదానికి 450 రూపాయలు పడింది. వీధి చివర కిరాణా కొట్లో ప్లాస్టిక్ పూత ఉన్న కట్ట అరవైకే వస్తుంది. ఏడు రెట్లు ఎక్కువ పెట్టి కొనాలా అంటే, ఆడుకోవడానికైతే అక్కర్లేదు. హస్తలాఘవం నేర్చుకోవడానికైతే కొనాల్సిందే.

ఈ పేక 1885లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో మొదలైంది. అప్పట్లో అక్కడ సైకిలంటే జనానికి మోజు, అందుకే ఆ పేరు. ఇప్పుడు మనం చూసే వెనక బొమ్మ 1887 నాటిది. రెక్కలున్న ఒక బుజ్జి దేవత సైకిలు మీద కూర్చుని ఉంటుంది. పైనొకటి, కింద తలకిందులుగా ఇంకొకటి, అందుకే ముక్కని ఎటు తిప్పి పట్టుకున్నా ఒకేలా కనిపిస్తుంది. 2009లో ఫ్యాక్టరీని కెంటకీలోని అర్లాంగర్‌కి మార్చారు. 2019లో బెల్జియం వాళ్ళ కార్టాముండి కంపెనీ కొనేసింది. జోకర్ మీద ఒక రాజుగారు కూడా సైకిలు తొక్కుతుంటాడు. మా అబ్బాయికి మొత్తం కట్టలో నచ్చింది అదొక్కటే.

చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. కిరాణా కొట్టు కట్టల వెనక పూలో, గళ్ళో అంచు దాకా పరిచేస్తారు. అంచు తెల్లగా ఉండటం మాకెందుకు అవసరమో చెప్పను. చెబితే నా నోటితో నేనే నా ఆట చెడగొట్టుకున్నట్టు.

అసలు గొప్పతనం కాగితంలో ఉంది. ఇది పూర్తి ప్లాస్టిక్ ముక్క కాదు, పూత వేసిన కాగితం. దాని మీద కంటికి సరిగ్గా కనపడని సన్నని గుంటలు ఒత్తి ఉంటాయి. వేలితో నిమిరితే నేత గుడ్డ తగిలినట్టుంటుంది. ఆ గుంటల్లో గాలి నిలుస్తుంది కాబట్టి ఒక ముక్క మీద ఇంకో ముక్క తేలినట్టు జారుతుంది, అలాగని పట్టు తప్పి ఎగిరిపోదు. అందుకే దీన్ని ఎయిర్ కుషన్ ఫినిష్ అంటారు. నున్నటి ప్లాస్టిక్ ముక్కలు రెండు రకాలుగా ఏడిపిస్తాయి. ఎండాకాలం చెమట చేతులతో పట్టుకుంటే మూడేసి నాలుగేసి అతుక్కుపోతాయి, ఏసీ గదిలో సబ్బుబిళ్ళలా జారిపోతాయి. సామర్లకోటలో నా పరువు తీసింది ఈ రెండో రకం. పెళ్ళివారి గదిలో ఏసీ ఉంది మరి.

ముక్కల్ని విసనకర్రలా విప్పితే 52 అంచులూ సమానంగా విచ్చుకుంటాయి. ఒకే ఒక్క ముక్కను పక్కకు నెట్టాలంటే ఒక్కటే కదులుతుంది. వినడానికి ఇదేమంత గొప్ప అనిపించొచ్చు. హస్తలాఘవం మొత్తం నిలబడేది దాని మీదే. వేలు ఒకసారి తడబడితే కన్ను అక్కడికి వస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది లెక్కల టీచరుగా నాకు ముద్దు. కట్టను సరిగ్గా 26, 26గా కోసి, జడ అల్లినట్టు ఇటొకటి అటొకటి దూరేలా కలపడాన్ని ఫారో షఫుల్ అంటారు. పై ముక్క పైనే ఉండేలా, ఒక్క తప్పు లేకుండా వరసగా 8 సార్లు అలా కలిపితే కట్ట మళ్ళీ మొదటి వరసకే వచ్చేస్తుంది. నమ్మకపోతే కాగితం మీద వేసి చూడండి. నాకు ఇది చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ పదిసార్లకు మూడు నాలుగుసార్లు ఆరో విడతలో తప్పుతాను. ముక్కల అంచులు శుభ్రంగా తెగి ఉంటేనే ఒకదాంట్లో ఒకటి దూరతాయి. ఈ కట్టలో దూరతాయి. కిరాణా కట్టతో ప్రయత్నిస్తే గోడకి గోడ గుద్దుకున్నట్టే.

కలపడం మాటొచ్చింది కాబట్టి పెర్సీ డయాకోనిస్ గురించి చెప్పకపోతే నాకు తోచదు. పద్నాలుగో ఏట ఇల్లు వదిలి, డై వెర్నన్ అనే పేక మాంత్రికుడి వెంట ఊళ్ళు తిరిగాడు. తర్వాత చదువుకుని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరయ్యాడు. కట్టను రెండు సగాలు చేసి బొటనవేళ్ళతో జారవిడుస్తూ కలిపే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే 7 సార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్ అనే ఇంకో లెక్కలాయనతో కలిసి లెక్క తేల్చాడు. మన ఇళ్ళల్లో చేతిలో కుక్కుతూ కలిపే పద్ధతికైతే ఇంకా చాలా ఎక్కువ సార్లు కావాలి. మేం మూడుసార్లు కుక్కి పంచేస్తాం. ఆ వెర్నన్ 1922లో షికాగోలో హుడినీ అంతటి పేరుమోసిన మాంత్రికుణ్ణి పేక ముక్కతో బోల్తా కొట్టించాడు. ఏ గారడీ అయినా మూడుసార్లు చూస్తే కిటుకు పట్టేస్తానని హుడినీ అనేవాడు. తన చేత్తో పొడి అక్షరాలు రాసిచ్చిన ముక్క, పై ముక్క కింద రెండోదిగా పెట్టిన ప్రతిసారీ పైకి వస్తుంటే, మళ్ళీ మళ్ళీ చూసినా పట్టుకోలేకపోయాడు.

ఇక నచ్చనివి.

మొదటిది సైజు. ఇది పోకర్ సైజు, వెడల్పు 63 మిల్లీమీటర్లు పైనే. నా అరచేయి చిన్నది. అరచేతిలో దాచాల్సిన పని వచ్చినప్పుడు మగవాళ్ళకి దాగే ముక్క నాకు మూలల్లోంచి తొంగి చూస్తుంది. 57 మిల్లీమీటర్ల బ్రిడ్జ్ సైజు పేకలు కూడా ఉంటాయి, చిన్న చేతులవాళ్ళు మొదలుపెట్టేటప్పుడు అవి చూడండి. నేను అలవాటు పడిపోయాను, ఇక మారలేను. అసలు ఈ విద్యంతా కోటు వేసుకునే మగవాళ్ళ కోసం కుట్టినట్టుంటుంది. పుస్తకం తెరిస్తే "ఎడమ జేబులో", "కోటు లోపలి జేబులో" అని ఉంటుంది. చీరకి జేబేదీ? నా పంజాబీ డ్రెస్సులన్నిటికీ ఇప్పుడు రెండు పక్కలా జేబులు పెట్టిస్తున్నాను. మా టైలరు ఎందుకని అడగడం మానేశాడు. కొత్తచోట షో చేస్తే మాత్రం "మెజీషియన్ సారు ఎప్పుడొస్తారండీ?" అని నన్నే అడుగుతారు.

రెండోది తేమ. కాగితం కదా. కాకినాడ గాలికి ఆషాఢం వచ్చేసరికి కట్ట అప్పడంలా వంగుతుంది, ఉబ్బి పెట్టెలో దూరనంటుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో వాటితో పాటు ఉంచుతాను. పైన నిఘంటువు బరువు. క్యారమ్ పౌడరు చల్లమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఒకసారి చల్లి ఒక కట్ట పారేశాను. రోజుకి గంటసేపు సాధన చేస్తే ఒక కట్ట నాకు రెండు నెలలు వస్తుంది, వానాకాలంలో అదీ రాదు.

మూడోది స్టేజీ. మా స్కూల్ వార్షికోత్సవంలో ఒకసారి దీంతో చేశాను. మూడో వరస వెనక కూర్చున్న ఎవ్వరికీ ఏ ముక్కో తెలియలేదు. చప్పట్లు కొట్టారు, పిల్లలు కదా, ముందు వరస కొడితే కొట్టేశారు. స్టేజీకి ఇది పనికిరాదు. ఎదురుగా కూర్చున్న ఆరుగురికి, మహా అయితే పదిమందికి.

నకిలీల గురించి కూడా ఒక మాట. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రెండు వందలకి వస్తోందని నాలుగు కట్టలు తెప్పించాను. పెట్టె అచ్చు అలాగే ఉంది, అసలు కట్టలో ఉన్నట్టే ఇస్పేటు ఆసు మీద 808 అంకె కూడా ఉంది. ముక్క తీసి నిమిరితే గాజులా నున్నగా ఉంది. దేవత ముఖం అచ్చు ముద్దగా పడింది. వాపసు తీసుకోవడానికి పదిహేను రోజులు తిప్పారు. అతి చవగ్గా దొరికితే ముందు ఒక్కటే కొని నిమిరి చూడండి, బొమ్మని నమ్మకండి.

ఇప్పుడు ఆ మేనమామ సంగతి.

అమెరికాలో ఈ పేక సందు చివర కొట్లో దొరుకుతుంది, ప్రతి ఇంట్లోనూ ఒకటి పడి ఉంటుంది. అక్కడి మాంత్రికుడు ఇది తీస్తే ఎవరూ రెండోసారి చూడరు. దీని అసలు బలం అదే. మన దగ్గర అదే కట్ట తీస్తే "ఓహో, స్పెషల్ పేకా!" అంటారు. నేను ఎంత కష్టపడినా మార్కులు కట్టకే పడతాయి. మా తాతయ్య చెప్పేవాడు, పాతకాలం గారడీవాడు ఊళ్ళోకి వస్తే సామాను పెద్దగా తెచ్చేవాడు కాదట. నీ ఉంగరం అడిగేవాడు, నీ తువ్వాలు అడిగేవాడు, నీ రూపాయి అడిగేవాడు. చూసేవాడి వస్తువు మీద చూసేవాడికి అనుమానం రాదు కదా.

దానికి తోడు మన వైపు పేకకున్న పేరు వేరు. పేపర్లో జిల్లా పేజీ తీస్తే చాలు, "పేకాటరాయుళ్ల అరెస్టు". పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠం నిండా పేక ముక్కలే. ముఖ కార్డులు ఎన్ని, ఎర్ర రాజు వచ్చే అవకాశం ఎంత అని అడుగుతారు. సగంమంది పిల్లలు కట్ట ముఖం చూసి ఎరగరు. బొమ్మ గీసి చెప్పలేక ఒకరోజు నిజం కట్టే తీసుకెళ్ళాను. ఆఠీను, ఇస్పేటు అని ముందే తెలిసిన ఇద్దరు ముగ్గురు తలలు వంచుకున్నారు, ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతానేమోనని. నేను అడగలేదు. ఆ పాఠం మాత్రం ఆ ఏడాది అందరికీ వచ్చింది.

అయితే కొనాలా, వద్దా? సాధనకి ఇదే కొనండి, ఐదుకి నాలుగున్నర ఇస్తాను. బయట చేసేటప్పుడు మాత్రం మూడే. చెయ్యడం వచ్చాక కిరాణా కట్టతోనూ రోజూ పావుగంట కుస్తీ పట్టండి, ఎందుకంటే మన జనం చేతికిచ్చేది అదే. సామర్లకోట తర్వాత నేను చేస్తున్నది అదే.

ఇంట్లో అనుమానం పోగొట్టడానికి ఇంకో ఉపాయం దొరికింది. మొన్న సంక్రాంతికి ఈ కట్ట తీసి మా పెద్దమ్మ ముందు పడేసి, రమ్మీ ఆడుకోమన్నాను. మొదటి ఆట కాకముందే "ఏమిటే ఈ ముక్కలు, చేతిలో నిలబడవు, మన పాతవే తే" అని విసుక్కుంది. అయినా మూడు రోజులు దాంతోనే ఆడారు. అరిసెల నూనె వేళ్ళతో పంచారు, ఆఠీను ఏడు మీద కాఫీ ఒలికించారు. ఆ కట్ట ఇక విసనకర్రలా విచ్చుకోదు, ఫారో అసలే కుదరదు. కానీ కనుమ రోజు సాయంత్రం అదే తీసి చేస్తే, మా ఇంట్లో ఒక్కరు కూడా దాన్ని లైటుకి ఎత్తి చూడలేదు. బావగారు నోరు తెరుచుకుని "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు.

మీరూ కొనేటట్టయితే రెండు కొనండి, రెండూ ఎర్ర వెనకవే. ఎందుకని నన్ను అడగొద్దు.