పెళ్లి ఫొటోల బ్యాకప్‌కు ఆర్‌స్నాప్‌షాట్: తిరుపతి స్టూడియోలకు ఎంతవరకు పనికొస్తుంది?

తిరుచానూరులోనో శ్రీనివాసమంగాపురంలోనో ఒక పెళ్లి తీసి వచ్చేసరికి మూడు వేల రా ఫైళ్లు (కెమెరా నేరుగా ఇచ్చే అసలు ఫైళ్లు) తేలతాయి. ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 75 జీబీ. మాఘమాసం ముహూర్తాల్లో వారానికి రెండు మూడు పెళ్లిళ్లు పడితే డిస్క్ ఎంత తొందరగా నిండుతుందో స్టూడియోల వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫొటోలు పోతే ఆ తాళి మళ్లీ కట్టించలేం కాబట్టి రోజూ బ్యాకప్ కావాలి. రోజూ మొత్తం కాపీ చేసేంత చోటు మాత్రం ఎవరికీ ఉండదు. ఇలాంటి చోట, మారిన ఫైళ్లను మాత్రమే కొత్తగా దాస్తూ రోజుకో పూర్తి బ్యాకప్ (స్నాప్‌షాట్) ఉంచే ఆర్‌స్నాప్‌షాట్ గట్టిగా ఆదుకుంటుంది. అయిదుకి నాలుగు మార్కులు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

ఇది పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఉచిత ప్రోగ్రాం, లినక్స్ మీద నడుస్తుంది. ఎడిటింగ్ విండోస్‌లో చేసుకునే వాళ్లకూ ఇబ్బంది లేదు. మూలన పడున్న పాత పీసీలో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసి, విండోస్ షేర్‌ను (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌ను) అందులో మౌంట్ చేస్తే, అంటే అక్కడి ఫోల్డర్‌లా తగిలిస్తే చాలు.

ఫైళ్లు మోసే పని ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంది. చోటు మిగిల్చేది మాత్రం కెర్నల్లోని (లినక్స్ గుండెకాయలోని) 'లింక్' అనే సిస్టం కాల్, అంటే ప్రోగ్రాంలు కెర్నల్‌తో చేయించుకునే ఒక పని. దానికి రెండు పేర్లు ఇస్తాం: ఉన్న ఫైలు పేరు, పెట్టాల్సిన కొత్త పేరు. అది డేటాను ముట్టుకోదు. ఆ ఫైలు ఐనోడ్‌కు (డిస్క్‌లో ఫైలు వివరాలుండే చీటీకి) ఇంకో పేరు (దీన్నే హార్డ్ లింక్ అంటారు) తగిలించి, లింకుల లెక్క ఒకటి పెంచుతుంది, అంతే. ఇక్కడ అసలు, నకలు అన్న తేడా లేదు, రెండు పేర్లూ సమానమే. ఒక పేరు చెరిపితే లెక్క ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నా అయ్యాకే డిస్క్‌లో చోటు ఖాళీ అవుతుంది. అందుకే అన్నిటికంటే పాత స్నాప్‌షాట్‌ను తీసేసినా మిగతావాటిలో ఒక్క ఫొటో కూడా పోదు. 1 టీబీ సరుకును ఏడు రోజులు దాచినా 7 టీబీ కాదు, 1 టీబీ, పైన ఆ వారం కొత్తగా వచ్చిందీ మారిందీ. ఫోల్డర్లకు హార్డ్ లింకులు కుదరవు కనుక అవి మాత్రం ప్రతిసారీ కొత్తగా పుడతాయి. లినక్స్ డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో ఫోల్డర్‌కు కనీసం 4 కేబీ, అంటే అయిదు వేల ఫోల్డర్లకు 20 ఎంబీ. పట్టించుకోనక్కర్లేదు.

మొదటి వారం నడిచాక డైలీ.0 (అన్నిటికంటే కొత్త స్నాప్‌షాట్) లోనూ డైలీ.6 (ఆరు రోజుల పాతది) లోనూ ఒకే ఫొటో మీద 'ఎల్ఎస్ -ఎల్ఐ' కమాండ్ కొట్టి చూడండి. వరుస మొదట్లో రెండు చోట్లా ఒకే ఐనోడ్ నంబరు, పర్మిషన్ల పక్కన లింకుల లెక్క 7 కనబడాలి. 7 ఉండాల్సిన చోట 1 ఉందంటే లింకులు పడటం లేదు, రోజూ రాత్రి పూర్తి కాపీ జరుగుతోంది.

అలా జరగడానికి మొదటి కారణం డిస్క్ ఫార్మాట్. కొన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ చాలాసార్లు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటుంది. అందులో హార్డ్ లింక్ అన్నదే లేదు. 1 టీబీ సరుకుకు 4 టీబీ డిస్క్ కొన్నా నాలుగో రాత్రికే నిండిపోతుంది. ముందే ఈఎక్స్‌టీ4కు మార్చుకోండి. ఇందులో ఒక ఫైలుకు 65,000 లింకుల దాకా పడతాయి. విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పరిమితి 1,024. ఇంకో నియమం, లింక్ ఒక ఫైల్‌సిస్టం దాటి పోదు. అందుకని స్నాప్‌షాట్లన్నీ ఒకే పార్టిషన్‌లో ఉండాలి. ఫొటోలు వచ్చే చోటు ఎక్కడున్నా ఫర్వాలేదు.

ఒక మార్కు తగ్గించింది కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు వల్లే. పేరుకూ విలువకూ మధ్య స్పేస్ పెడితే ఒప్పుకోదు, ట్యాబే ఉండాలి. వాట్సాప్‌లో ఎవరో పంపింది అతికిస్తే ట్యాబులు స్పేసులైపోయి ఉంటాయి. ఫోల్డర్ దారి చివర స్లాష్ తప్పనిసరి. ప్రతి మార్పు తర్వాత 'ఆర్‌స్నాప్‌షాట్ కాన్ఫిగ్‌టెస్ట్' నడపండి. ఎన్ని స్నాప్‌షాట్లు దాచాలో చెప్పే 'రిటైన్' వరుసల్లో డైలీ 7, వీక్లీ 4, మంత్లీ 3 పెడితే స్టూడియోకు సరిపోతుంది. క్రాన్‌లో (పనులను వేళకు నడిపే లినక్స్ ఏర్పాటులో) పెద్దది ముందు నడవాలి: మంత్లీ ఒంటిగంటకు, వీక్లీ ఒంటిగంటన్నరకు, డైలీ రెండింటికి. వీక్లీ కొత్తగా ఏమీ కాపీ చేయదు, డైలీ.6ను పేరు మార్చి తీసుకుంటుంది. కాబట్టి మొదటి వారం వీక్లీ ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు.

అదే కాన్ఫిగ్ ఫైల్లో 'లింక్_డెస్ట్'ను 1 చేయండి. 0గా వదిలేస్తే, ఏదైనా ఫైలు పర్మిషన్ మాత్రమే మారినప్పుడు ఆ మార్పు పాత స్నాప్‌షాట్లన్నిటిలోకీ పాకుతుంది, ఐనోడ్ ఒక్కటే కదా. 'నో_క్రియేట్_రూట్' కూడా 1 చేసి, స్నాప్‌షాట్ రూట్‌ను (స్నాప్‌షాట్లు చేరే చోటును) డిస్క్ లోపలి ఒక ఫోల్డర్‌గా పెట్టండి. డిస్క్ తగిలించడం మరిచిన రాత్రి ఆ ఫోల్డర్ కనిపించక ప్రోగ్రాం ఆగిపోతుంది. లేకపోతే 1 టీబీని పీసీ సొంత డిస్క్‌లోకి తోయడం మొదలుపెడుతుంది.

స్టూడియోల్లో చోటు తినేసే అలవాటు ఒకటుంది: ఆల్బమ్ ఇచ్చేశాక ఫోల్డర్ పేరు చివర 'డెలివరీ' అని చేర్చడం. ఆర్‌సింక్ ఫైలును దారిని బట్టే పోలుస్తుంది. దారి మారితే దాని లెక్కలో అది కొత్త ఫైలే, 75 జీబీ మళ్లీ కాపీ అవుతుంది. కార్డు దించిన రోజే తేదీ, మండపం పేరుతో ఫోల్డర్ పెట్టి ఇక దాన్ని కదపకండి. డెలివరీ సంగతి లోపల ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోవచ్చు. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ తన ఎడిట్లు దాచుకునే క్యాటలాగ్‌కు ఈ పద్ధతి ఏమీ ఒరగబెట్టదు. అది ఒకే పెద్ద ఫైలు, పని చేసిన ప్రతిరోజూ మారుతుంది. 1 జీబీ క్యాటలాగ్ అయితే పైన చెప్పిన 14 స్నాప్‌షాట్లకు 14 జీబీ. దాన్ని భరించొచ్చు గానీ ప్రివ్యూల ఫోల్డర్‌ను మాత్రం 'ఎక్స్‌క్లూడ్'లో వేసేయండి.

స్నాప్‌షాట్లను స్టూడియోలో వాళ్లకు చూపించాలంటే షేర్‌ను చదవడానికి మాత్రమే ఇవ్వాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్న ఫైలు మీదే రాస్తాయి. డైలీ.2 లోని ఫొటోను అలా సేవ్ చేస్తే అదే ఐనోడ్ ఉన్న ఏడు రోజుల ఫొటోలూ ఒక్క దెబ్బకు మారిపోతాయి. డిస్క్ మార్చేటప్పుడు ఫైల్ మేనేజర్‌లో లాగి వేయొద్దు, ప్రతి లింకూ వేరే ఫైలై 1 టీబీ కాస్తా 7 టీబీ అవుతుంది. 'సీపీ -ఏ'తో మొత్తం ఒకే కమాండ్‌లో గానీ, ఆర్‌సింక్ కమాండ్‌కు పెద్ద అక్షరం హెచ్ (-H) చేర్చి గానీ పంపాలి.

ఏడు పేర్లున్నా డిస్క్ మీద డేటా ఒక్కచోటే ఉంది. అక్కడ సెక్టార్ చెడితే ఏడూ చెడతాయి. ఇంకో డిస్క్ కొని వారానికోసారి డైలీ.0 ఒక్కదాన్నే దానికి ఆర్‌సింక్ చేయండి, పాత స్నాప్‌షాట్లు అక్కడికి అక్కర్లేదు. ఆ డిస్క్‌ను స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టండి.