సైలెన్సర్ మార్పించేటప్పుడు కన్వర్టర్ కొట్టేస్తున్నారు: విశాఖ కారు ఓనర్లకు హెచ్చరిక

విశాఖలో ఎవరైనా ఇంటి కారుకి బయట షాపులో సైలెన్సర్ వేయించాలని అనుకుంటుంటే, దయచేసి ఇది చదివాకే వెళ్లండి. మా కారులో క్యాటలిటిక్ కన్వర్టర్‌ని, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగాన్ని, మాకు చెప్పకుండా కోసి తీసేసి, ఆ చోట ఉత్త పైపు వెల్డింగ్ చేసి ఇచ్చారు. డబ్బు నష్టం ఒక ఎత్తు. పిల్లలు కూర్చునే వెనక సీటు కింద పొగ లీకవడం ఇంకో ఎత్తు.

మాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4 (పొగ కాలుష్య ప్రమాణం). ఉప్పుగాలికి వెనక సైలెన్సర్ డబ్బా తుప్పుపట్టి చిల్లు పడింది. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఆరుబయట కార్లు పెట్టేవాళ్లకి ఇది తెలిసిన బాధే. కంపెనీ డబ్బా ఖరీదు ఎక్కువని, నగరంలోనే ఒక షాపుకి వెళ్లాం. స్టెయిన్‌లెస్ స్టీలు, ఇక తుప్పు మాటే ఉండదన్నారు. వెనక డబ్బా ఒక్కటే మార్చమని స్పష్టంగా చెప్పి కారు ఇచ్చాం. సాయంత్రం వెళ్తే "మొత్తం ఫ్రీ ఫ్లో చేసేశాం సార్, పికప్ చూడండి" అన్నారు. ఫ్రీ ఫ్లో అంటే పొగ అడ్డులేకుండా బయటికి పోయేలా పైపులు మార్చడం.

పికప్ సంగతి అలా ఉంచితే, హైవే ఎక్కగానే కారంతా బొయ్యిమని ఒకటే మోత. భీమిలి వెళ్లొచ్చేలోపే మా అమ్మకి తలనొప్పి పట్టుకుంది. తర్వాత చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఫోన్ చేస్తే "ఏటీ కాదు సార్, సెన్సార్ లైటే, ఆపేద్దాం తెండి" అని సమాధానం.

ఆ లైటు ఊరికే వెలగదు. కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. కన్వర్టర్ పనిచేస్తుంటే రెండింటి రీడింగులూ వేరుగా ఉండాలి. రెండూ ఒకేలా ఊగుతుంటే మధ్యలో కన్వర్టర్ పనిచేయడం లేదని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పట్టేస్తుంది. స్కాన్ చేయిస్తే పీ0420 కోడ్ వచ్చింది, అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. లిఫ్ట్ ఎక్కించి చూస్తే అసలు కన్వర్టరే లేదు. కొత్త పైపు అతుకు దగ్గర సన్నని రంధ్రాలు, వాటి చుట్టూ నల్లటి మసి. వెనక సెన్సార్‌కి స్పేసర్ (సెన్సార్‌ని పొగకి దూరంగా జరిపే చిన్న ముక్క) పెట్టి లైటు ఆర్పేసే షాపులున్నాయి. దాంతో లైటు పోతుంది గానీ పొగలో విషం అలాగే ఉంటుంది.

కన్వర్టర్ ఎందుకు తీస్తారంటే, దాని లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. పాత కన్వర్టర్లకి స్క్రాప్‌లో మంచి ధర పలుకుతుంది. మన పాత సామాను అడిగితే "అప్పుడే స్క్రాప్‌కి వేసేశాం" అన్నారు. బిల్లులో ఉన్నది "సైలెన్సర్ ఫిట్టింగ్" అనే ఒక్క ముక్క.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ లీకే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోల్ ఇంజన్ పొగలో దాన్ని చాలావరకు తగ్గించేది కన్వర్టరే. అది లేకుండా, పైగా ఫ్లోర్ కింద లీకు పెట్టుకుని, అద్దాలు మూసి ట్రాఫిక్‌లో నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. అమ్మ తలనొప్పి మోత వల్లో, పొగ వల్లో ఇప్పటికీ తేలలేదు.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పట్టుబడేది షాపువాడు కాదు, బండి ఓనరు. పొల్యూషన్ టెస్టులోనూ ఇబ్బందే, బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. వారంటీలో ఉన్న కారైతే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి సాకు దొరికినట్టే.

తుప్పుపట్టిన డబ్బా మార్చక తప్పదు, అందులో తప్పేం లేదు. మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చే డబ్బాయే వేయించుకుంటే మేలు. బయటే చేయిస్తే ముందు కారు కింద మొత్తం ఫొటోలు తీయండి. ఏ భాగం మారుస్తున్నారో బిల్లు మీద పేరుతో రాయించండి. పని అయ్యేదాకా పక్కనే ఉండండి, కుదరకపోతే ఇంట్లో ఇంకెవరినైనా నిలబెట్టండి. తీసిన ప్రతి ముక్కా, తుప్పు పట్టినదైనా సరే, డిక్కీలో వేసుకుని రండి. "అది మాకు వదిలేయండి, కొంచెం తగ్గిస్తాం" అన్నారంటే ఇంకా జాగ్రత్తపడండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు బిల్లు, ఫొటోలు, స్కాన్ రిపోర్టు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ ఫిర్యాదు చేశాం. ఈమధ్య బయట సైలెన్సర్ పని చేయించినవాళ్లు మాత్రం ముందు కారుని లిఫ్ట్ ఎక్కించి చూపించండి. అతుకులన్నీ బాగున్నాయని తేలేదాకా పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని దూర ప్రయాణాలు పెట్టుకోకండి.