పిల్లలతో విశాఖ: దేనికి ఎంత టైమ్ ఇవ్వాలి

దసరా సెలవులకు వరంగల్ నుంచి పిల్లల్ని, మా అత్తయ్యని తీసుకుని విశాఖ వెళ్లొచ్చాం. పెద్దవాడు ఆరో తరగతి, చిన్నది రెండో తరగతి. సముద్రం సరే, అది ఎలాగూ నచ్చుతుంది. కానీ ఇంటికొచ్చాక కూడా వాళ్లిద్దరూ చెప్పుకుంటున్నది కురుసుర జలాంతర్గామి గురించే. నన్నడిగితే పిల్లలతో వెళ్లేవాళ్లు దాన్ని మధ్యలో పెట్టుకుని మిగతా ప్లాన్ వేసుకోవాలి.

ఆర్కే బీచ్ ఒడ్డున నిలబెట్టిన ఐఎన్ఎస్ కురుసుర పొడవు 91 మీటర్లు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది, 2001లో రిటైరయ్యాక మరుసటి ఏడాది మ్యూజియం అయింది. లోపల దారి చాలా ఇరుకు. ఎటు చూసినా పైపులు, మీటర్లు, చక్రాలు. నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మాకు అన్నీ చూపించారు. డెబ్బై మందికి పైగా ఇందులోనే ఉండేవాళ్లని, మంచినీళ్లు లెక్కపెట్టుకుని వాడేవాళ్లని చెబితే మా చిన్నది, "మరి స్నానం, తాతా?" అని అడిగింది. ఆయన విసుక్కోకుండా పాపను నావికులు పడుకునే బంకు పక్కన నిలబెట్టి, సముద్రం అడుగున రోజు ఎలా గడిచేదో మొత్తం చెప్పారు. వాటన్నిటి పక్కన బతికిన మనిషి చెబుతుంటే పిల్లలు వినే తీరే వేరు. సాయంత్రం ఆలస్యంగా వెళ్తే ఇంత ఓపిగ్గా చూడలేరు, వెనకవాళ్లు తోసేస్తుంటారు. మామూలు రోజున, మధ్యాహ్నం తెరవగానే వెళ్లండి. సోమవారం సెలవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు, లోపలి ఇరుకు రెండూ కష్టమే. మా అత్తయ్య బయటే కూర్చున్నారు.

రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. జలాంతర్గాముల్ని వెతికే విమానం కదా, కురుసుర చూశాక దీన్ని చూస్తే పిల్లలకు రెండిటి సంబంధం ఇట్టే అర్థమవుతుంది.

టూర్ ప్యాకేజీల్లో అంతగా కనిపించని చోటు పాతూరు వైపున్న రాస్‌హిల్. ఆ కొండ మీద మేరీమాత చర్చి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ కొండల మధ్య కాలువలోంచే ఓడలు పోర్టులోకి వస్తాయి. 1933లో మొదలైన పోర్టు ఇది. చిన్న టగ్గు పడవలు అంత పెద్ద ఓడని నెమ్మదిగా లోపలికి తెస్తుంటే మావాడు కదలనంటే కదలనన్నాడు. టికెట్టు లేదు, తోపులాట లేదు. నా లెక్కలో కైలాసగిరి కంటే ఇదే మేలు. కైలాసగిరి మీద టాయ్ ట్రైన్, రోప్‌వే, శివపార్వతుల విగ్రహాలు బాగానే ఉంటాయి, పైనుంచి తీరం వంపు చాలా అందంగా కనిపిస్తుంది. అయితే సెలవు రోజుల్లో చూసే టైమ్ కంటే క్యూలో నిలబడేదే ఎక్కువ.

బస విషయానికొస్తే, బీచ్ రోడ్డులోనే తీసుకోండి. స్టేషన్ దగ్గర గదులు చవకే, కానీ పొద్దున్నా సాయంత్రం ఆటోలకి పెట్టేది కలిపితే మిగిలేదేమీ ఉండదు. మేము దిగిన హోటల్లో సముద్రం కనిపించే గది అని డబ్బు తీసుకుని, బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే తప్ప నీళ్లు కనిపించని గది ఇచ్చారు. గట్టిగా అడిగితే మర్నాడు మార్చారు. బుక్ చేసేటప్పుడే గది ఫోటో పంపమనండి. టిఫిన్లు మాత్రం వేడివేడిగా బాగా పెట్టారు.

ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి, మునిగిపోయినవాళ్ల వార్తలు ఏటా చూస్తూనే ఉంటాం. ఇసుకలో ఆడించి, మురీ మిక్చర్ తినిపించి తీసుకొచ్చేయండి. నీళ్లలో ఆడాలంటే రుషికొండ వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడైనా మోకాలి లోతు దాటనివ్వకండి. స్టేషన్ నుంచి భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు అటే పోతుంది.

జూకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే జంతువులు నీడకి చేరిపోతాయి. లోపల చాలా దూరం, బ్యాటరీ బండి తీసుకోవడమే మంచిది. జూకీ సోమవారమే సెలవు.

అరకు మేము కావాలనే పెట్టుకోలేదు. తెల్లవారుజామున లేచి 58 సొరంగాల రైలు ఎక్కి, బొర్రా గుహల మెట్లు దిగి ఎక్కి, అదే రాత్రికి తిరిగి రావడం ఏడేళ్ల పిల్లకి శిక్షే. అక్కడ ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్లండి. అద్దాల బోగీ కావాలంటే మాత్రం టికెట్లు బాగా ముందే తీసుకోవాలి.