మోచేతులు ఆనించే వాకర్: 22 నెలలు వాడాక నా మాట

మొదటే చెప్పేస్తాను, ఇది నడుంనొప్పి తగ్గించే మిషన్ కాదు. నా నొప్పి నా దగ్గరే ఉంది, పొద్దున మంచం దిగేటప్పుడు ఇప్పటికీ పలకరిస్తుంది. కానీ 22 నెలల కిందట మా గేటు నుంచి వీధి చివర పాల బూత్ దాకా పోవాలంటే మధ్యలో రెండుసార్లు ఎవరింటి అరుగో వెతుక్కుని కూలబడేవాణ్ణి. ఇప్పుడు తెల్లారేసరికి ఎస్వీ యూనివర్సిటీ లోపల చెట్ల కింద కిలోమీటరున్నర నడిచి వస్తున్నాను. మధ్యలో కూర్చుంటాను, అది దాచను, కాకపోతే ఎవరి అరుగూ అక్కర్లేదు, సీటు బండికే ఉంది. ఈ తేడా కోసం 14 వేలు పెట్టొచ్చా అని నన్ను అడిగినవాళ్లు ఎక్కువైపోయారు, అందరికీ ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

నా వయసు 68, ఊరు తిరుపతి. బస్సుల గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌ని, కాబట్టి నడుం ఏ రోజు పోయిందో తేదీ చెప్పలేను, బస్సు కింద ఉండే గుంటలోకి, అదే పిట్‌లోకి, దిగి పైకి చూసిన రోజులన్నీ కలిసి ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. 2018లో ఆఖరిసారి అలిపిరి మెట్లు ఎక్కాను, 3550 మెట్లూ నా కాళ్లతోనే. ఆ తర్వాత రెండేళ్లకు మొదలైంది. కాసేపు నడిస్తే పిర్రల నుంచి పిక్కల దాకా గుంజడం, తిమ్మిరి, కాళ్లు నావి కాదన్నట్టు బరువెక్కడం. కూర్చుంటే రెండు నిమిషాల్లో మాయం. ఇంకో విచిత్రం ఏంటంటే, సైకిల్ మీద మూడు కిలోమీటర్లు తొక్కినా ఏమీ అయ్యేది కాదు. మా ఇంటామెకు ఇది పచ్చి నాటకంలా కనిపించింది. "మార్కెట్టుకు నడవమంటే నొప్పి, సైకిలిస్తే నొప్పి లేదా, ఏం నొప్పయ్యా నీది" అని రోజూ ఒకటే సాధింపు.

డాక్టరు మాత్రం ఆ సైకిల్ మాట వినగానే తలూపాడు. కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోయినా నడిస్తే ఇలాగే పిక్కలు పట్టేస్తాయట, కానీ వాళ్లకు సైకిల్ తొక్కినా నొప్పి వస్తుందట. నాకు తొక్కితే రావడం లేదంటే అనుమానం వెన్నెముక మీదకే పోతుంది. ఎమ్మారై తీస్తే అదే తేలింది, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం దగ్గరి నాలుగో ఐదో పూసల మధ్య, నరాలు పోయే దారి సన్నబడింది. దీన్ని లంబార్ స్టెనోసిస్ అంటారు. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, కొంచెం ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. సైకిల్ మీద వంగే కదా కూర్చుంటాం! అప్పుడు గుర్తొచ్చింది, కొండ మీద క్యూలో ఇనుప కమ్మీ మీద మోచేతులు ఆనించుకుని నిలబడితే గంటైనా నాకు హాయిగానే ఉండేది, కమ్మీ లేని చోటే ప్రాణం పోయేది. ఈ వాకర్ అంటే నా వరకు చక్రాలు తగిలించిన ఆ కమ్మీయే.

అంతకుముందు 1200 రూపాయల అల్యూమినియం వాకర్ వాడాను, అదే, నాలుగు కాళ్లది, ఎత్తి పెట్టి అడుగు, ఎత్తి పెట్టి అడుగు. ఇంట్లో బాత్రూమ్‌కి పోవడానికి దానికి వంక పెట్టను, ఇప్పటికీ రాత్రిళ్లు మంచం పక్కన అదే ఉంటుంది. వీధిలో మాత్రం పది నిమిషాలకు మణికట్లు రెండూ పచ్చి పుండ్లలా అయ్యేవి, బరువంతా అరచేతుల మీదే కదా, పైగా అది పొట్టిగా పెట్టి ఉండేది, రూపాయి పడిపోయినవాడిలా నేల చూసుకుంటూ నడిచేవాణ్ణి. కొత్తదానికి నాలుగు చక్రాలు, మోచేయి నుంచి మణికట్టు దాకా ఆనించుకునే మెత్తలు, వాటి చివర పట్టుకునే పిడులు, పిడులకు సైకిల్ బ్రేకుల్లాంటి లివర్లు, మధ్యలో కూర్చునే సీటు, కింద ఒక సంచి. బరువు పది కిలోలు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో పెట్టాడు, బిగించుకోవడానికి అరగంట కూడా పట్టలేదు.

ఇక అసలు సంగతి, ఎత్తు. దీన్ని ఇంగ్లీషులో అప్‌రైట్ వాకర్ అంటారు, పేరులోనే నిటారు అని ఉంటుంది, బొమ్మల్లో కూడా మనుషులు కర్ర మింగినట్టు నిలబడి నవ్వుతుంటారు. నేనూ అదే నమ్మి మెత్తలు పైకి ఎత్తి బిగించాను. మొదటి వారం నరకం. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి, కాళ్లలో తిమ్మిరి పాత వాకర్‌తో కంటే ముందే వచ్చేసింది. 14 వేలు బూడిదలో పోసినట్టే అనుకుని మూల పెట్టేశాను కూడా. ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, "అంకుల్, నిటారు అంటే మిలిటరీ వాళ్లలా కాదు, మీకు కొంచెం ముందుకు వాలితేనే సుఖం, దాన్ని తీసేస్తే ఎలా" అని రెండు రంధ్రాలు కిందికి దింపింది. అంతే. అదే బండి, అదే మనిషి, ఆ సాయంత్రం గేటు నుంచి పాల బూత్ దాకా ఆగకుండా పోయాను. బూత్ అబ్బాయి "ఏం సామీ, కొత్త బండా? మైలేజీ ఎంతిస్తాదేం?" అన్నాడు. నవ్వొచ్చింది, కానీ నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, పక్కకు చూశాను.

కాబట్టి కొన్నవాళ్లు చూసుకోవాల్సింది ఇది. మోచెయ్యి ఇంచుమించు ఎల్ ఆకారంలో మడవాలి, భుజాలు వదులుగా కిందికి ఉండాలి, ఒంటి బరువు కొంత మెత్తల మీదకు దిగుతున్నట్టు తెలియాలి. రెండు వైపులా ఒకే రంధ్రంలో ఉందో లేదో వేలు పెట్టి చూడండి, ఒకటి పైన ఒకటి కింద పెట్టి రెండు రోజులు నడిచి నడుం ఒక పక్కకు పట్టేసిందని ఏడ్చిన పెద్దమనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంకోటి, మనిషి బండి లోపల ఉండాలి, వెనక చక్రాల మధ్య కాళ్లు పడాలి. బండిని ముందుకు తోసేసి దాని వెనక వంగి పరిగెత్తకూడదు. నా నొప్పి వంగితే తగ్గే రకం, వంగితే పెరిగే రకాలూ ఉన్నాయి, వాళ్ల ఎత్తు వేరు, అది మీ ఫిజియోని నిలబెట్టి పెట్టించుకోండి.

మెకానిక్‌ని కాబట్టి బండి సంగతి కూడా చెప్పాలి. ఫ్రేము గట్టిది, వెల్డింగులు బాగున్నాయి, 22 నెలల్లో ఎక్కడా పగలలేదు. బ్రేకులే దీని బలహీనత. ఐదో నెలలో ఎడమ వైపు వదులైంది, లివర్ దగ్గర చిన్న నట్టు తిప్పితే సరిపోయింది. పద్నాలుగో నెలలో లోపలి వైరు పోగులు తెగడం మొదలైంది. కంపెనీ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేస్తే మొత్తం హ్యాండిల్ మార్చాలన్నారు, నేను సైకిల్ షాపులో 40 రూపాయల వైరు కొని వేసుకున్నాను, ఇవాళ్టికీ పనిచేస్తోంది. రోజూ బయల్దేరే ముందు లాక్ వేసి ఒకసారి ముందుకు తోసి చూస్తాను. చక్రం కదిలిందంటే ఆ రోజు నడక లేదు.

ముందు చక్రాలు మూడో నెలకే కిర్రుకిర్రుమన్నాయి. విప్పి చూస్తే ఇరుసుకు చుట్టుకుని ఉన్నది ఏంటనుకున్నారు, మా ఇంటామె తల వెంట్రుకలు, మల్లెపూల దారం. ఆ దారం నీళ్లకు నాని, ఎండి, ఇరుసు మీద తాడులా బిగుసుకుపోయింది, బ్లేడుతో కోసి కోసి తీయాల్సి వచ్చింది. పూలు కట్టుకునే ప్రతి ఇంట్లోనూ ఇది తప్పదు. నెలకోసారి బండి తిప్పి పడుకోబెట్టి చూసుకోండి, ఒక చుక్క నూనె వేయండి.

మెత్తల మీది నల్ల రెగ్జిన్ మా ఊరి ఎండకు పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో పది నిమిషాలు వరండా బయట వదిలేసి చేతులు పెడితే అట్లపెనం మీద పెట్టినట్టే. పైగా చెమటకు చర్మం అంటుకుని దద్దుర్లు వచ్చాయి. పాత పంచె చింపి రెండు గలీబులు కుట్టించాం, వారానికి రెండుసార్లు ఉతుక్కోవచ్చు. లోపలి స్పాంజి కుడివైపు ఇప్పటికే అణిగిపోయింది, ఇంకో ఆరు నెలలు లాగితే గొప్ప.

ఒకసారి పడ్డాను. తప్పు నాదే. తిరుచానూరులో పెళ్లి, మండపం నిండా నున్నటి గ్రానైట్, ఎవరో పలకరిస్తే మాటల్లో పడి లాక్ వేయకుండా కూర్చోబోయాను. బండి వెనక్కి జారిపోయింది, నేను పెళ్లివారందరి ముందూ నేల మీద. తోకఎముక రెండు వారాలు కూర్చోనివ్వలేదు. అప్పటి నుంచి లాక్ వేయడం, పిక్కలకు సీటు తగిలేదాకా వెనక్కి జరగడం, ఆ తర్వాతే కూర్చోవడం, ఇది పిట్‌లో దిగే ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టినట్టు అలవాటు చేసుకున్నాను. కూర్చున్నప్పుడు పిల్లలు సరదాగా తోస్తామంటారు, తోయనివ్వకండి, ఇది వీల్‌చెయిర్ కాదు, తిరగబడుతుంది.

మన రోడ్లకు ఇది సగమే సరిపోతుంది. తారురోడ్డు మీద పడవలా పోతుంది. కాలువ మీద పరిచిన రాళ్ల సందుల్లో ముందు చక్రం ఇరుక్కుంటే మాత్రం బండి ఆగిపోతుంది, మనం ఆగం. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే ఆగి, నెమ్మదిగా, బ్రేకు మీద చెయ్యి ఉంచి ఎదురుగా ఎక్కాలి, ఏటవాలుగా ఎక్కితే పక్కకు లాగేస్తుంది. గడపల సంగతి కొనేముందే ఆలోచించుకోండి. మాది పాత ఇల్లు, గడప నాలుగు అంగుళాలు, పది కిలోలు ఎత్తి దాటించడం నడుంనొప్పివాడి పనా? వడ్రంగిని పిలిచి రెండు పక్కలా ఏటవాలు చెక్కలు కొట్టించాను. బాత్రూమ్ తలుపు రెండు అడుగులు, బండి వెడల్పు 26 అంగుళాలు, అక్కడికి దీన్ని మర్చిపోయాను, గోడకు స్టీలు కమ్మీలు బిగించుకున్నాను. టేపు తీసుకుని మీ తలుపులు కొలిచాకే ఆర్డర్ పెట్టండి, బొమ్మ చూసి కాదు. ఆటోలో మడిచి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు, బస్సులోకి ఎక్కించాలంటే ఇంకో మనిషి ఉండాలి. గోవిందరాజస్వామి గుడికి పోతే బయటే ఒకరి కాపలాలో వదిలి, చేతికర్రతో, మా ఇంటామె భుజం పట్టుకుని లోపలికి పోతాను. వీధి మురికంతా తొక్కిన చక్రాలు గుడిలో తిప్పడానికి నాకే మనసొప్పలేదు.

నడక ఎలా పెంచానంటే, మొదటి నెల ఐదు నిమిషాలు, పొద్దున సాయంత్రం. తిమ్మిరి మొదలయ్యేలోపే కూర్చోవడం, వచ్చాక కాదు, ఇది ఆ అమ్మాయి చెప్పిన గట్టి మాట. వారానికి ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ పోయాను. దాంతోపాటు మంచం మీద మోకాళ్లు ఛాతీకి లాక్కోవడం, పొట్ట బిగించడం లాంటి వ్యాయామాలు రోజూ చేస్తున్నాను, ఆరు కిలోలు తగ్గాను కూడా. కాబట్టి ఇందులో బండి పుణ్యం ఎంత, వ్యాయామం పుణ్యం ఎంత అంటే లెక్క తేల్చలేను. బండి లేకపోతే ఆ వ్యాయామాలు చేసే ధైర్యం వచ్చేది కాదని మాత్రం నాకు తెలుసు, నెలల తరబడి మంచం మీదే ఉన్న మనిషికి ఏదీ చేయబుద్ధి కాదు.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఒక కాలు నేల మీద మోపొద్దన్నవాళ్లకు ఇది పనికిరాదు, చక్రాలు పరిగెడతాయి. తూలి పడేవాళ్లు, చేతులు వణికి బ్రేకు పట్టలేనివాళ్లు డాక్టరు చూసి సరే అన్నాకే. భుజం కీలు అరిగినవాళ్లు ముందు ఎక్కడైనా పది నిమిషాలు వాడి చూడండి. ఇంకోటి, నాలాంటి జబ్బున్నవాళ్లకు కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, కాలు ఉన్నట్టుండి లేవకపోయినా వాకర్లూ గీకర్లూ పక్కన పెట్టి ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. రేపు చూద్దాంలే అనే జబ్బు కాదది.

సిగ్గు సంగతి అడిగారు ఒకరిద్దరు. మొదటి నెల తెల్లవారుజామున ఐదింటికే, వీధి లేవకముందే పోయి వచ్చేవాణ్ణి. ఇప్పుడు యూనివర్సిటీలో నాతో నడిచేవాళ్లు నలుగురున్నారు, నేను సీటు దించుకుని కూర్చుంటే వాళ్లు నిలబడి కబుర్లు చెప్పాల్సి వస్తోందని వాళ్లకే కుళ్లు. పోయిన కార్తీకంలో అలిపిరి పాదాల మండపం దాకా ఆటోలో పోయాను. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పక్కకు జరిగి బండి మీద కూర్చుని ఎక్కేవాళ్లను గంటసేపు చూశాను. గోవిందా అంటూ పిల్లలు పరిగెత్తి ఎక్కుతున్నారు. ఎక్కాలనిపించలేదంటే అబద్ధం.

మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు, ఆ ఒకటి బ్రేకు వైర్లకూ మెత్తలకూ పోయింది. ఇంట్లో ఇంకో గొడవ కూడా ఉంది. మధ్యాహ్నం నేను నడుం వాల్చగానే మా ఇంటామె బండిని వరండాలోకి లాక్కుని, దాని సీటు మీద కూర్చుని పితికిపప్పుకు అనపకాయలు ఒలుస్తుంది, ఆ తొక్కలన్నీ బండి సంచిలోనే. లాక్ వేశావా అని లోపల నుంచి అరుస్తాను. వేసినాలే పడుకో అంటుంది. ఒక్కరోజూ వేయదు.